చిన్న ఊరి ఫుట్‌బాల్ మైదానానికి అవే ఫ్యాన్‌గా వెళ్ళేవాళ్ళకు

ఇంగ్లండ్‌కు చదువుకో, ఉద్యోగానికో వచ్చిన మనవాళ్ళు ఫుట్‌బాల్ అనగానే మాంచెస్టర్ వైపో లివర్‌పూల్ వైపో చూస్తారు. టికెట్ దొరకదు. దొరికినా ధర చూస్తే గుండె గుభేలుమంటుంది. దాంతో టీవీతో సరిపెట్టుకుంటారు. మనం అద్దెకుంటున్న ఊళ్ళోనే నూరేళ్ళు దాటిన క్లబ్ ఒకటి రెండు వారాలకోసారి ఆడుతుంటుందని చాలామందికి తెలియను కూడా తెలియదు. తెలిసి నాలుగు మ్యాచ్‌లకు వెళ్ళారంటే మాత్రం పక్కన నిలబడే పెద్దాయన ఎవరో "వచ్చే శనివారం బయటి ఊళ్ళో ఆట, వస్తావా?" అని అడగడం ఖాయం. అలా తమ జట్టు వెంట బయటి ఊరికి వెళ్ళేవాళ్ళే అవే (away) ఫ్యాన్లు, ఆ ఊరి జట్టువాళ్ళు హోమ్. సరే అన్నవాళ్ళ కోసం రాస్తున్నాను ఇది.

ముందు లీగుల మెట్ల వరస చూద్దాం. పైన ప్రీమియర్ లీగ్, 20 జట్లు. దాని కింద ఛాంపియన్‌షిప్, లీగ్ వన్, లీగ్ టూ, ఒక్కోదాంట్లో 24. మొత్తం 92. ఆ కింద నేషనల్ లీగ్, దానికింద నార్త్, సౌత్, ఇంకా దిగితే జిల్లా లీగులు. నేను చెప్పేది ముఖ్యంగా లీగ్ టూ సంగతి. ఊరికే చెబితే గాల్లో మాటలవుతాయి కాబట్టి ఒక మైదానాన్ని ఎదురుగా పెట్టుకుందాం: లాంకషైర్‌లో అక్రింగ్టన్ స్టాన్లీ.

ఈ క్లబ్‌నే ఎంచుకోవడానికి కారణం ఉంది. 1962లో పాత అక్రింగ్టన్ స్టాన్లీ అప్పుల పాలై సీజన్ మధ్యలోనే లీగ్ నుంచి తప్పుకుంది. ఖాళీ అయిన ఆ చోటు ఆక్స్‌ఫర్డ్ యునైటెడ్‌కు దక్కింది. 1968లో అదే పేరుతో కొత్త క్లబ్ పుట్టి, కింది లీగుల్లోంచి ఒక్కో మెట్టూ ఎక్కుతూ 2006లో లీగ్‌లోకి తిరిగొచ్చింది. ఆ ఏడాదే లీగ్ నుంచి కిందికి జారిపోయిన జట్లలో ఆక్స్‌ఫర్డ్ ఒకటి. 44 ఏళ్ళకు లెక్క సరిపోయిందని అక్కడివాళ్ళు ఇప్పటికీ ముచ్చటగా చెప్పుకుంటారు. బయలుదేరేముందు ఏ క్లబ్ గురించైనా ఈపాటి చరిత్ర చదువుకుని వెళ్ళండి. చిన్న క్లబ్బుల వాళ్ళకు ట్రోఫీలు తక్కువ, కథలు ఎక్కువ. ఎదుటివాళ్ళ కథ తెలిసినవాడితో మాటలు ఇట్టే కలుస్తాయి.

తేదీ ఖాయమైందని అనుకోకండి

సీజన్ మొత్తానికీ మ్యాచ్‌ల జాబితా జూన్‌లో వస్తుంది. చాలావాటికి శనివారం మధ్యాహ్నం 3 గంటలు అని ఉంటుంది. దాన్ని చూసి వెంటనే రైలు టికెట్లు కొనేయకండి. మారడానికి బోలెడు దారులున్నాయి.

మొదటిది టీవీ. 2024–25 నుంచి స్కై టీవీ ఏడాదికి వెయ్యికి పైగా ఈఎఫ్‌ఎల్ (ఛాంపియన్‌షిప్, లీగ్ వన్, లీగ్ టూలను నడిపే సంస్థ) మ్యాచ్‌లు చూపిస్తోంది. శనివారం 2:45 నుంచి 5:15 దాకా బ్రిటన్‌లో ఫుట్‌బాల్ ప్రత్యక్ష ప్రసారం చేయకూడదన్న పాత కట్టుబాటు ఇంకా ఉంది. అందుకని టీవీవాళ్ళు ఎంచుకున్న మ్యాచ్ మధ్యాహ్నం 12:30కి జరిగిపోతుంది. మీరు మూడింటికి అనుకుని దిగేసరికి అంతా ఇళ్ళకు వెళ్ళిపోతుంటారు. రెండోది ఎఫ్ఏ కప్, అంటే పై మెట్ల జట్లూ కింది మెట్ల జట్లూ కలిసి ఆడే నాకౌట్ పోటీ. రెండు జట్లలో ఏదైనా కప్‌లో ఇంకా నిలిచి ఉంటే ఆ వారాంతపు లీగ్ మ్యాచ్ ఏదో మంగళవారం రాత్రికి పోతుంది. మూడోది దేశాల మధ్య మ్యాచ్‌లు. ఒక క్లబ్ నుంచి ముగ్గురు ఆటగాళ్ళను దేశం జట్లకు పిలిస్తే ఆ క్లబ్ వాయిదా కోరవచ్చు.

వీటన్నిటికన్నా పెద్దది వాతావరణం. పెద్ద క్లబ్బుల మైదానాల్లో గడ్డి కింద వేడినీళ్ళ గొట్టాలుంటాయి. లీగ్ టూలో చాలాచోట్ల ఉండవు. డిసెంబర్, జనవరి, ఫిబ్రవరిలో రాత్రి మంచు గడ్డకట్టినా, రెండ్రోజులు ఎడతెగకుండా వాన పడినా పొద్దున్నే రిఫరీ వచ్చి నేల చూసి, ఆడించాలో వద్దో తేలుస్తాడు. కాబట్టి ఆ రోజు లేవగానే హోమ్ క్లబ్ ఎక్స్ ఖాతా చూడండి, రైలెక్కే ముందు ఇంకోసారి చూడండి. వాయిదా పడితే మ్యాచ్ టికెట్ కొత్త తేదీకి చెల్లుతుంది, రైలు టికెట్ చెల్లదు. చౌకగా దొరికే అడ్వాన్స్ టికెట్లకు డబ్బు వెనక్కి రాదు, రుసుం కట్టి వేరే రైలుకు మార్చుకోవడం ఒక్కటే దారి. నన్నడిగితే చలికాలపు మ్యాచ్‌లకు నెలల ముందు కొనకండి, ఓ వారం పది రోజుల ముందు చాలు.

టికెట్

ఇందులో పెద్ద తతంగం లేదు. అవే టికెట్లు మీ సొంత క్లబ్ వెబ్‌సైట్‌లోనే అమ్ముతారు. కొన్ని మైదానాల్లో ఆ రోజు గేటు దగ్గర కూడా ఇస్తారు, అయితే రెండు మూడు పౌండ్లు ఎక్కువ పడొచ్చు. లీగ్ టూలో పెద్దవాళ్ళకు 20 నుంచి 25 పౌండ్ల దాకా అనుకోండి. అదే రకం చోటుకు హోమ్ వాళ్ళ దగ్గర తీసుకున్నదానికన్నా మీ దగ్గర ఎక్కువ తీసుకోకూడదని ఈఎఫ్‌ఎల్ నిబంధన ఉంది. విద్యార్థి రాయితీ ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది, కొన్ని క్లబ్బులు వయసు మాత్రమే చూస్తాయి. చదివి కొనండి.

ఒక్కటి మాత్రం చేయకండి. అవే టికెట్లు అయిపోయాయని హోమ్ వైపు టికెట్ కొని, మెడలో మీ జట్టు కండువాతో వెళ్ళడం. ఒక పార్టీ సభలో ఎదుటి పార్టీ కండువా వేసుకుని ముందు వరసలో కూర్చున్నట్టే ఉంటుంది. కొట్టరు, కానీ స్టీవార్డు (మైదానం సిబ్బంది) వచ్చి భుజం తట్టి బయటికి పంపేస్తాడు. డబ్బు తిరిగి ఇవ్వరు.

ప్రయాణం

మూడు దారులు. మీ క్లబ్ అభిమానుల సంఘం నడిపే కోచ్ బస్సు, రైలు, లేదా మిత్రులతో కారు.

మొదటిసారి వెళ్ళేవాళ్ళకు కోచ్ మంచిది. మైదానం గుమ్మం ముందు దింపి, ఆట అయ్యాక అక్కడే ఎక్కించుకుంటుంది. దారిలో నలుగురు పరిచయమవుతారు. రైలంత హాయి ఉండదు గానీ ఆఖరి రైలు గుబులు ఉండదు. 1985 నాటి చట్టం ప్రకారం మ్యాచ్‌కు వెళ్ళే కోచ్‌లో మందు ఉండకూడదు. ఇది అద్దె మినీబస్‌కు కూడా వర్తిస్తుంది. పదిమంది స్నేహితులు కలిసి బండి మాట్లాడుకుని వెనక సీట్లో బీరు డబ్బాలు పెట్టుకోవడం సరదా కాదు, నేరం.

రైలైతే అక్రింగ్టన్ చేరడం తేలికే. మాంచెస్టర్ విక్టోరియా నుంచి నేరుగా రైలుంది. టాడ్మోర్డెన్ దగ్గర ఏళ్ళ తరబడి మూతపడిన చిన్న రైలు ముక్కను 2015లో మళ్ళీ తెరిచాకే ఈ దారి కుదిరింది. లీడ్స్, హాలిఫాక్స్ వైపు నుంచి వచ్చేవాళ్ళకు బ్లాక్‌పూల్ వెళ్ళే రైలు ఇక్కడ ఆగుతుంది. లండన్, గ్లాస్గోల నుంచైతే ప్రెస్టన్‌లో దిగి కోల్న్ వైపు వెళ్ళే చిన్న రైలెక్కాలి. 16–25 రైల్‌కార్డ్ ఉంటే మూడో వంతు తగ్గుతుంది. పూర్తికాలం చదువుకునే విద్యార్థులకు వయసు 25 దాటినా ఈ కార్డు ఇస్తారు. మన ఎమ్మెస్సీ పిల్లలు చాలామంది ఈ సంగతి తెలియక నిండు ధర కడుతుంటారు.

తిరుగు రైలు మాత్రం ముందే చూసి పెట్టుకోండి. మూడింటికి మొదలైన ఆట ఐదుకు కాస్త ముందు ముగుస్తుంది. శనివారం పర్వాలేదు. మంగళవారం రాత్రి 7:45 మ్యాచ్ ముగిసేసరికి దాదాపు పదవుతుంది. చిన్న ఊళ్ళో ఆఖరి రైలుకు మీ మీద జాలి ఉండదు. మంగళవారానికి కోచ్ లేదా కారు, అంతే.

కాళ్ళకు ముందు, తలకు తర్వాత

1989లో షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో మైదానంలో తొక్కిసలాట జరిగింది. 97 మంది చనిపోయారు. ఆ తర్వాత పై రెండు డివిజన్ల మైదానాల్లో అందరికీ కుర్చీలుండాలన్నారు. కింది లీగులకు ఆ పట్టింపు లేదు. అందుకే లీగ్ టూలో ఇంకా టెర్రేసులున్నాయి. టెర్రేస్ అంటే కాంక్రీటు మెట్ల గట్టు. కుర్చీలుండవు, ఆట అంతా నిలబడే చూడాలి. అక్రింగ్టన్‌లో అవే వాళ్ళకిచ్చే కాపిస్ టెర్రేస్ గోల్‌పోస్టు వెనక ఉంటుంది, పైకప్పు లేదు. ఎదురుగా గోల్ వెనక హోమ్ వాళ్ళ క్లేటన్ ఎండ్‌కు కప్పు ఉంది. వాళ్ళు పాడితే కప్పుకు తగిలి మోగుతుంది, మీరు పాడింది కొండల్లో కలిసిపోతుంది.

మనవాళ్ళు చలి అనగానే పైన బరువైన జాకెట్ ఒకటి వేసుకుని అయిపోయిందనుకుంటారు. టెర్రేస్ మీద చలి కింది నుంచి వస్తుంది. మొదటి అరగంట ఏమీ తెలియదు. సగం ఆట అయ్యేసరికి బొటనవేళ్ళు మొద్దుబారతాయి, రెండో సగంలో మడమల దాకా పాకుతుంది. పల్చటి అడుగున్న స్నీకర్లు వేసుకున్నవాళ్ళు అప్పటికి ఒంటికాలి మీద మార్చి మార్చి నిలబడుతుంటారు. దళసరి అడుగున్న బూట్లు, వాటిలో ఉన్ని సాక్సు వేసుకోండి. రెండు జతల సాక్సు వేస్తే బూటు బిగిసి రక్తం ఆడక ఇంకా చల్లబడుతుంది, ఒక జత మంచిది చాలు. పాతకాపులు అట్టపెట్టె ముక్క ఒకటి తెచ్చి కాళ్ళ కింద వేసుకుంటారు. చూడటానికి నవ్వొస్తుంది, పనిచేస్తుంది.

ఒంటికి లోపల థర్మల్, పైన స్వెట్టర్, దాని మీద టోపీ ఉన్న వాన జాకెట్. గొడుగు తీసుకెళ్ళకండి. చాలా మైదానాల్లో లోపలికి రానివ్వరు, రానిచ్చినా వెనకవాళ్ళు ఊరుకోరు. తలకు ఉన్ని టోపీ, చేతికి తొడుగులు. ఆగస్టు, సెప్టెంబర్ మ్యాచ్‌లకు ఇదంతా అక్కర్లేదు. నిజానికి మొదటి అవే మ్యాచ్ ఆ నెలల్లో పెట్టుకుంటే అలవాటు పడటం తేలిక.

ఊళ్ళో దిగాక

పదకొండు, పన్నెండుకల్లా దిగేలా చూసుకోండి. ఊరు చూడకుండా మైదానం మాత్రం చూసి రావడం నాకు నచ్చదు. అక్రింగ్టన్ పాత నేత మిల్లుల ఊరు. అక్కడి హావర్త్ ఆర్ట్ గ్యాలరీలో టిఫనీ గాజు కళాఖండాలున్నాయి, ఐరోపాలో ప్రజలకు చెందిన టిఫనీ సేకరణల్లో అదే పెద్దది. రంగు గాజు జాడీల మధ్య గంట గడిపి, అక్కణ్ణుంచి లీగ్ టూ టెర్రేస్ మీదికి వెళ్ళడం ఇంకే ఊళ్ళోనూ కుదరదు.

స్టేషన్ నుంచి మైదానం మైలు దూరం, నడక ఎక్కువ భాగం ఎత్తు మీదికి. వాలీ (Whalley) రోడ్డు పట్టుకుని పోతుంటే క్రౌన్ అనే పబ్ కనిపిస్తుంది, మైదానం దాని వెనకే. మైదానం అసలు పేరు క్రౌన్ గ్రౌండే. ఇప్పుడు బోర్డుల మీద కనిపించే వామ్ స్టేడియం అన్న పేరు ప్లాస్టిక్ డబ్బాలూ బుట్టలూ అమ్మే ఒక బ్రాండుది. క్లబ్ యజమాని ఆండీ హోల్ట్ కంపెనీ తయారుచేసే సరుకే అది.

పబ్‌లోకి వెళ్ళేముందు తలుపు మీద ఏం రాసుందో చూడండి. కొన్ని చోట్ల 'హోమ్ ఫ్యాన్స్ ఓన్లీ' అని ఉంటుంది, అక్కడ వాదన పెట్టుకోకుండా ఇంకో పబ్ చూసుకోండి. లీగ్ టూలో చాలా పబ్బుల్లో రెండు జట్లవాళ్ళూ కలిసే తాగుతారు, పక్కపక్క ఊళ్ళ పోరు అయితే తప్ప. అలాంటి రోజు జెర్సీ మీద జాకెట్ జిప్పు పైకి లాక్కుని, కండువా సంచిలో పెట్టుకుని నడవండి. మందు తాగని వాళ్ళు పబ్‌కు పోకూడదేమో అని సంకోచించక్కర్లేదు. కోక్ తీసుకుని మూల కూర్చున్నవాణ్ణి ఎవరూ పట్టించుకోరు. తాగేవాళ్ళకు ఒక మాట: మత్తులో గేటు దాటడమే ఆ 1985 చట్టం కింద నేరం.

ఎక్కణ్ణుంచి వచ్చావని తప్పకుండా అడుగుతారు. ఇండియా అనగానే అక్కడివాళ్ళకు గుర్తొచ్చేది పక్క ఊరు బ్లాక్‌బర్న్. పేరులోనే వెంకటేశ్వరుణ్ణి పెట్టుకున్న మన కోళ్ళ కంపెనీ వెంకీస్ 2010లో బ్లాక్‌బర్న్ రోవర్స్‌ను కొంది. 2012 మేలో విగన్‌తో మ్యాచ్ జరుగుతుండగా ఎవరో బ్లాక్‌బర్న్ జెండా కప్పిన బతికున్న కోడిని మైదానంలోకి వదిలారు, ఆ రాత్రే జట్టు ప్రీమియర్ లీగ్ నుంచి దిగిపోయింది. ఆ కోడి కబుర్లు మీకు తప్పవు, నవ్వేయండి. బదులుగా మీ దగ్గరా ఒక కథ ఉంది. స్టాన్లీ లీగ్ నుంచి తప్పుకున్న 1962లోనే జకార్తా ఆసియా క్రీడల్లో భారత ఫుట్‌బాల్ జట్టు బంగారు పతకం గెలిచింది. ఆ జట్టు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాదీ. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో అదే కోచ్ కింద భారత్ నాలుగో స్థానంలో నిలిచింది. ఈ ముక్క చెబితే టెర్రేస్ మీద అరవై దాటినవాళ్ళు మిమ్మల్ని చూసే చూపు మారుతుంది.

గేటు దగ్గర

ఆటకు ముప్పావుగంట ముందు చేరండి. పెద్ద స్టేడియాల్లో లాగా నిలువెత్తు యంత్రాలుండవు. ఇటుక గోడలో మనిషి పట్టేంత సందు, నడుం ఎత్తున తిరిగే ఇనుప కడ్డీలు, పక్కన చిన్న కిటికీలో ఒక మనిషి. టికెట్ చూపిస్తే లోపలివాడు కాలితో నొక్కుతాడు, కడ్డీ టక్కుమని ఒక్క అడుగు తిరుగుతుంది. లావు జాకెట్ వేసుకుని, వీపున సంచి కూడా ఉంటే అందులో ఇరుక్కుంటారు. సంచి తీసి చేత్తో ఎత్తి పట్టుకుని పక్కకు తిరిగి దూరండి. పెద్ద సంచి అసలు వద్దు, చాలాచోట్ల ఎ4 కాగితం కొలతే హద్దు. నీళ్ళ సీసా మూత తీసేసుకుంటారు. ఎందుకని అడగకండి, మూత ఉన్న నిండు సీసా విసిరితే దెబ్బ తగులుతుంది, మూత లేనిది దారిలోనే ఒలికిపోతుంది.

కార్డు, కొంత చిల్లర రెండూ ఉంచుకోండి. కొన్ని మైదానాలు నోట్లు ముట్టుకోవు, కొన్నిచోట్ల రాఫిల్ (లాటరీ చీటీలు) అమ్మే పెద్దావిడ దగ్గర కార్డు యంత్రం ఉండదు. ఆ రాఫిల్ కొనండి. ఫిఫ్టీ-ఫిఫ్టీ అంటారు, వచ్చినదాంట్లో సగం గెలిచినవాళ్ళకు, సగం క్లబ్‌కు. ప్రోగ్రామ్ పుస్తకం అమ్ముతుంటే అదీ కొనండి. చిన్న క్లబ్బులకు ఈ మూడు నాలుగు పౌండ్లే ఆసరా.

లోపలికెళ్ళాక ఎక్కడ నిలబడాలి? పిల్లలతో వస్తే ముందు కడ్డీ దగ్గర. అయితే ఆటకు ముందు ఆటగాళ్ళు గోల్ మీదికి బంతులు కొడుతూ ఒళ్ళు వేడెక్కించుకుంటారు. గురితప్పినవన్నీ మీ మీదికే వస్తాయి, గట్టిగా వస్తాయి. ఆ పదిహేను నిమిషాలూ ఫోన్ జేబులో పెట్టి కళ్ళు బంతి మీద పెట్టండి. ఒంటరిగా వచ్చినవాళ్ళు మధ్యలో, పైమెట్ల వైపు నిలబడితే ఆట బాగా కనిపిస్తుంది, పాటలు కూడా అక్కణ్ణుంచే మొదలవుతాయి.

తిండి: ఇక్కడే జాగ్రత్త

ఈ మైదానాల్లో తిండి అంటే పై. గిన్నె ఆకారంలో పిండి పెంకు, లోపల కూర, పైన పిండి మూత. లాంకషైర్‌లో దీన్నో మతంలా పట్టుకుంటారు. పేరున్న హాలండ్స్ పైస్ ఫ్యాక్టరీ అక్రింగ్టన్ పక్కనే బ్యాక్సెండెన్‌లో ఉంది. కానీ మనవాళ్ళలో గొడ్డు మాంసం తినని వాళ్ళు, మాంసమే తినని వాళ్ళు, హలాల్ చూసుకునేవాళ్ళు అందరూ ఉన్నారు కాబట్టి వివరంగా చెబుతాను.

'మీట్ అండ్ పొటాటో' అని ఉంటే అది దాదాపు ఎప్పుడూ గొడ్డు మాంసమే. స్టేక్ పై సంగతి చెప్పక్కర్లేదు. 'చీజ్ అండ్ ఆనియన్' శాకాహారుల దిక్కు. ప్రెస్టన్, చోర్లీ చుట్టుపక్కల బటర్ పై అని ఒకటి దొరుకుతుంది. బంగాళాదుంప, ఉల్లిపాయ, వెన్న, మిరియాలు, అంతే. శుక్రవారాలు మాంసం ముట్టని అక్కడి కాథలిక్కుల వంటకం అది. మన నాలుకకు కారం తక్కువే గానీ చలిలో వేడివేడిగా బాగుంటుంది. కనిపిస్తే వదలకండి.

చాలామంది తెలియక తాగేది బోవ్రిల్. కప్పులో నల్లగా, పొగలు కక్కుతూ ఉంటుంది. పక్కవాళ్ళంతా చేతులు కాచుకుంటూ తాగుతుంటే ఏదో కాఫీ రకం అనుకుంటాం. అది గొడ్డు మాంసం సారం. వద్దనుకునేవాళ్ళు టీ అడగండి. చిప్స్ మీద పోసే గ్రేవీ కూడా మాంసానిదే కావచ్చు, బదులుగా కర్రీ సాస్ అడగండి. అది మన కూర కాదు, పసుప్పచ్చ తియ్యటి పులుసు, ఆకలి మీద పోతుంది. అంతకన్నా కనిపెట్టడం కష్టమైనది ఇంకోటి ఉంది. యార్క్‌షైర్, లాంకషైర్‌లలో మైదానం బయటి ఫిష్ అండ్ చిప్స్ దుకాణాలు కొన్నిట్లో నూనెకు బదులు డ్రిప్పింగ్, అంటే గొడ్డు కొవ్వు వాడతారు. "దేంట్లో వేయిస్తారు?" అని అడిగితే దాచకుండా చెబుతారు. హలాల్ కావాలంటే మైదానంలో ఆశ పెట్టుకోకుండా ఊళ్ళోనే తినేసి రండి. అక్రింగ్టన్, బ్లాక్‌బర్న్‌ల్లో పాకిస్తానీ, గుజరాతీ ముస్లిం కుటుంబాలు ఎక్కువ, హోటళ్ళకు కొరత లేదు.

విరామం పదిహేను నిమిషాలే. అందరూ ఒకేసారి కౌంటర్ మీద పడతారు. 40వ నిమిషంలో వెళ్ళి వరసలో నిలబడటమా, ఆట వదలకుండా ఆకలితో ఉండటమా అన్నది మీ ఇష్టం. నేనైతే ఆట మొదలవక ముందే తినేస్తాను.

పూర్తి శాకాహారులు ఒక్కసారైనా వెళ్ళాల్సిన మైదానం గ్లౌస్టర్‌షైర్‌లో ఉంది. నెయిల్స్‌వర్త్‌లోని ఫారెస్ట్ గ్రీన్ రోవర్స్‌లో 2015 నుంచి మాంసమే కాదు, పాలూ గుడ్లూ కూడా లేవు. ఊరికి రైలు లేదు, స్ట్రౌడ్‌లో దిగి బస్సెక్కాలి.

నోరు ఎలా వాడాలి

రెండు మూడు వేల మందే ఉండే మైదానంలో మీ గొంతు ఆటగాళ్ళకు వినిపిస్తుంది. నిజంగానే వినిపిస్తుంది, పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూస్తారు. అవే ఫ్యాన్‌గా వెళ్ళడంలో ఉన్న అసలు రుచి నాకు అదే. మూడొందల మంది అంత దూరం వచ్చి వానలో నిలబడ్డారని ఆటగాళ్ళకు తెలుసు. ఆట అయ్యాక గెలిచినా ఓడినా మీ దగ్గరికి వచ్చి చప్పట్లు కొట్టి వెళ్తారు. ఈల ఊదగానే పరుగెత్తకుండా ఆ రెండు నిమిషాలు ఉండండి.

పాటలు నేర్చుకోవడానికి పుస్తకం అక్కర్లేదు. నాలుగు రకాలు: మన జట్టును పొగిడేవి, ఒక్కో ఆటగాడి పేరు మీద కట్టినవి, రిఫరీని తిట్టేవి, ఎదుటి ఊరిని ఎగతాళి చేసేవి. మొదటి సగమంతా విని, రెండో సగంలో గొంతు కలపండి. హోమ్ వాళ్ళు నిశ్శబ్దంగా ఉంటే 'ఇదేమైనా గ్రంథాలయమా' అని పాడటం పాత ఆచారం. బూతులు ధారాళంగా దొర్లుతాయి. వాటిని మనసుకు తీసుకోకండి, పిల్లలతో వెళ్తే ముందే చెప్పి తీసుకెళ్ళండి. గోల్‌కీపర్ మీ ముందే ఉంటాడు కాబట్టి సగం ఆటంతా అతన్ని ఆటపట్టిస్తారు. మంచి కీపర్ అయితే వెనక్కి తిరిగి నవ్వుతాడు, బదులు కూడా చెబుతాడు.

కానీ గీత ఉంది. చర్మం రంగు మీద, మతం మీద మాటలు ఎవరన్నా, ఎవరి మీదన్నా అది ఆటపట్టించడం కాదు. జాత్యహంకార నినాదాలు 1991 ఫుట్‌బాల్ నేరాల చట్టం కింద నేరం. మీకే ఎదురైతే ఎదురు తిరగకుండా ముందు నిమిషం, చోటు, మనిషి ఆనవాళ్ళు గుర్తుపెట్టుకుని దగ్గరున్న స్టీవార్డుకు చెప్పండి. తర్వాత ఫుట్‌బాల్‌లో వివక్ష మీద పోరాడే కిక్ ఇట్ అవుట్ సంస్థకు యాప్‌లో ఫిర్యాదు చేయవచ్చు. చాలా మ్యాచ్‌ల్లో చుట్టూ వెయ్యి తెల్ల ముఖాల మధ్య మీరొక్కరే ఉంటారు, అది దాచేదేమీ లేదు. అవే ఎండ్‌లో (అవే ఫ్యాన్లు నిలబడే వైపు) అయితే మీ ఒంటిమీది రంగుకన్నా జెర్సీ రంగే ముందు చూస్తారన్నది నా అనుభవం. 2025లో మోర్కాంబ్ క్లబ్‌ను పంజాబ్ వారియర్స్ అనే సంస్థ కొని, అశ్విర్ సింగ్ జోహల్‌ను మేనేజర్‌గా పెట్టాక లాంకషైర్ మైదానాల పక్కన తలపాగా కూడా కనిపించింది.

గోల్ పడిన సంబరంలో మైదానంలోకి దూకకండి. అదీ అదే చట్టం కింద నేరమే. పొగ డబ్బాలు, బాణసంచా జేబులో ఉన్నా నేరమే. ఫుట్‌బాల్ నిషేధ ఉత్తర్వు పడితే తక్కువలో తక్కువ మూడేళ్ళు. ఇక్కడి కుర్రాడికి అది జరిమానాతో, అమ్మ తిట్లతో పోతుందేమో. వీసా మీద ఉన్నవాడికి నేర చరిత్ర అంటే తర్వాతి ప్రతి దరఖాస్తులోనూ రాయాల్సిన సంగతి.

ఇంకా కిందికి దిగితే

నేషనల్ లీగ్ నార్త్, సౌత్, ఆ కింది లీగులకు వెళ్తే పద్ధతులు సడలుతాయి. చాలాచోట్ల హోమ్, అవే అని విడదీయరు. ఎవరు ఎక్కడైనా నిలబడవచ్చు. ఆట చూస్తూ మందు తాగకూడదన్న నిబంధన పై ఐదు మెట్లకే. ఇక్కడ ప్లాస్టిక్ గ్లాసుతో గడ్డి అంచున నిలబడి చూడవచ్చు. విరామంలో రెండు వైపుల వాళ్ళూ చోట్లు మార్చుకుంటారు, తమ జట్టు ఎటు దాడి చేస్తే ఆ గోల్ వెనక్కి. దారిలో ఒకరికొకరు ఎదురై పలకరించుకుంటూ పోతారు. కంచె దాటి బయటికి పోయిన బంతి తెచ్చివ్వడం కూడా మీ పనే కావచ్చు.

ఇంటికి

అక్రింగ్టన్‌లో స్టేషన్‌కు తిరుగు నడక దిగుడే, ఇరవై నిమిషాలు చాలు. గెలిచినా కండువా ఊపుతూ నడిరోడ్డు మీద పాడుకుంటూ పోవద్దు, రైలెక్కాక పాడుకోవచ్చు. డిసెంబర్‌లో నాలుగింటికే చీకటి పడుతుంది కాబట్టి ఒంటరిగా వచ్చినవాళ్ళు మీ జట్టువాళ్ళ గుంపుతో కలిసి నడవండి, ఎవరూ కాదనరు. రైలు 15 నిమిషాలు, అంతకు మించి ఆలస్యమైతే నార్తర్న్ లాంటి కంపెనీలు టికెట్ ధరలో కొంత తిరిగి ఇస్తాయి. టికెట్ ఫోటో తీసి ఉంచుకుని 28 రోజుల్లోపు వాళ్ళ వెబ్‌సైట్‌లో డిలే రిపే కింద అడగండి.